మంచు తీసిన దారి

పొద్దున్నే కాఫీ పెడదామని సైమి కుళాయి మీద చెయ్యి వేస్తే, అది గట్టిగా బిగించి ఉంది. తిప్పి చూసింది. చుక్క రాలేదు. బయట సున్నాకు దిగువన ముప్పై ఒక్క డిగ్రీల చలి. అలాంటి రాత్రుళ్ళు వంటింటి కుళాయిని దారమంత సన్నగా వదిలి పడుకోవడం ఆ మంచుదేశపు పల్లెలో అందరికీ అలవాటే. పారే నీళ్ళు గొట్టంలో గడ్డకట్టవు. రాత్రి సైమి అలాగే వదిలి పడుకుంది. మరి కట్టేసిందెవరు? కొడుకు ఓస్కు దుంగల లారీ తోలుకుని వెళ్ళి నాలుగు రోజులైంది. ఇంట్లో ఉన్నది తనూ, నిండు నెలల కోడలు హెన్రీకానూ.

క్రిస్మస్ ముందు ఒకసారి నీళ్ళు ఆగినప్పుడే హెన్రీకా తేల్చి చెప్పింది. మళ్ళీ ఇలా అయితే టౌనులో అక్క దగ్గరికి పోతాననీ, నీళ్ళు లేని ఇంటికి పసిబిడ్డను తీసుకురాననీ. ఆ మాట సైమిని ముల్లులా గుచ్చుతూనే ఉంది. మొగుడు ఏరో పోయిన ఈ రెండేళ్ళలో ఆమె ఎదురుచూసింది ఆ బిడ్డ కోసమే. భయం వేస్తే కొందరికి నోరు పెగలదు. సైమికి ఆగదు.

"కుళాయి కట్టేశావా?"

"కట్టానత్తయ్యా, కానీ..." హెన్రీకా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"కానీ లేదు గీనీ లేదు. చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. నీళ్ళ చప్పుడుకి మహారాణికి నిద్ర పట్టలేదేమో."

"మాట పూర్తి చేయనిస్తారా?"

"ఇంకేం చేస్తావు పూర్తి? వెళ్ళడానికి సాకు కావాలి, దొరికింది."

హెన్రీకా ముఖం పాలిపోయింది. "సాకే కావాలంటే క్రిస్మస్‌కే పోయేదాన్ని. ఇంత మాట అన్నాక ఇంక ఉండను."

గదిలో సొరుగులు తెరిచి మూస్తున్న చప్పుడు మొదలైంది. సైమి పక్కింటి రేయోకి ఫోను చేసింది. బకెట్టుతో మంచు తెచ్చి పొయ్యి మీద కరగబెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది, గది తలుపు దాకా వచ్చింది, తట్టలేక మళ్ళీ పొయ్యి దగ్గరికే పోయింది. సంచీ జిప్పు లాగిన చప్పుడు వినపడింది.

రేయో వేడినీళ్ళ పంపుతో వచ్చి నేలమాళిగలోకి దిగాడు. రోడ్డు నుంచి నేల కిందుగా ఇంట్లోకి వచ్చే నీళ్ళ గొట్టంలోకి సన్నటి పైపు తోస్తూ పోతే, పదకొండు మీటర్ల దగ్గర అడ్డం తగిలింది. పంపు నడవనిచ్చి బయటికొచ్చాడు. గోడ దగ్గర్నుంచి అడుగులు కొలుచుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"వదినా, ఇలా రా. ఇక్కడ మంచు ఎవరు తీశారు?"

రోడ్డు నుంచి గుమ్మం దాకా కారు పట్టేంత దారి. అటూ ఇటూ నడుము లోతు మంచు, మధ్యలో నల్లటి నేల.

"నేనే. పోయిన వారం కోడలు పిల్ల రోడ్డు నుంచి నడిచొస్తూ జారింది. తన కారు గుమ్మం దాకా వస్తే బాగుంటుందని..."

"ఏరో ఈ గొట్టం మీద మంచు చెంచాడైనా తీయనిచ్చేవాడా? గొట్టం ఎటు పోతుందో తెలిసేలా ఏటా ఎర్ర కర్రలు పాతేవాడు కదా. మంచే దానికి దుప్పటి. దుప్పటి లాగేసి కుళాయి ఎంత వదిలితే ఏం లాభం?"

ఆ కర్రలు పాతి రెండేళ్ళయింది. గొట్టం వాకిట్లో ఉన్న చెట్టుకి అవతల నుంచి పోతుందనుకుంది సైమి.

వెనక మెట్ల మీద హెన్రీకా, చేతిలో సంచీ. అంతా వింది.

"తెల్లవారుజామున చూస్తే నీళ్ళ దారం ఆగిపోయి ఉందత్తయ్యా. పూర్తిగా తిప్పినా రాలేదు, కట్టేశాను. మోకాళ్ళ నొప్పితో రాత్రంతా మేలుకుని మీకప్పుడే కునుకు పట్టింది. లేపబుద్ధి కాలేదు."

"పొద్దున చెప్పబోయావు. నేను చెప్పనిచ్చానా?" సైమి కళ్ళు తుడుచుకుంది. "తప్పంతా నాదేనమ్మా. ఎక్కడ వెళ్ళిపోతావోనన్న భయంతో నోటికొచ్చినట్టు అన్నాను."

హెన్రీకా దారి పొడుగునా చూసింది. "ఇదంతా ఆ మోకాళ్ళతో మీరొక్కరే తీశారా? నా కోసమా?"

సైమి తల ఊపింది. హెన్రీకా సంచీ మెట్టు మీద పెట్టి, ఆవిరి స్నానాల గది వైపు మెల్లగా నడిచింది. చూరు కింద కట్టి ఉన్న ఎర్ర కర్రలు తెచ్చింది. సైమి, రేయో పారలతో మంచు తిరిగి పోస్తుంటే, వాళ్ళ వెనకే ఒక్కొక్కటీ గుచ్చుతూ వచ్చింది.

"మరి నా కారు?" అంది హెన్రీకా.

"రోడ్డు మీదే ఉంటుంది. నా చెయ్యి పట్టుకుని నడుద్దువుగాని."

"మీరు జారితే?"

"నువ్వు పట్టుకుందువు."

మధ్యాహ్నానికి నీళ్ళొచ్చాయి, ముందు తుప్పు రంగులో, తర్వాత తేటగా. రాత్రి పడుకోబోయే ముందు సైమి అలవాటుగా కుళాయి దాకా వెళ్ళింది. చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"హెన్రీకా, నువ్వే వదులమ్మా."

హెన్రీకా వచ్చి మెల్లగా తిప్పింది. సన్నటి దారం దిగింది.

"ఇంత చాలా అత్తయ్యా?"

"చాలమ్మా," అంది సైమి.