బతికున్న ముఖానికి దండ

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! హన్మకొండ మీద కాటుక మబ్బులు కమ్మి పట్టపగలే చీకటి పడింది. ఫెళఫెళమంటూ ఉరుములు... ఫోటో స్టూడియో బోర్డు మీద వాలిన గుడ్లగూబ వేళ కాని వేళ వికృతంగా అరిచింది.

లోపల శ్యాంసుందర్ తల కూడా ఎత్తలేదు. కరోనా నాటి నుంచి అతనికి పెళ్లిళ్ల గిరాకీ కంటే చావుల గిరాకీయే ఎక్కువ. పోయినవాళ్ల పాత ఫోటో తెస్తారు. రంగులు సరిచేసి, మెడలో పూలదండ అతికించి, ఫ్రేము కట్టివ్వాలి. మొదట్లో ప్రతి ముఖానికీ కళ్లు చెమర్చేవి. పోనుపోను ముఖం చూడడమే మానేశాడు మహానుభావుడు! చెంప ఒకసారి, పెదవి ఒకసారి పెద్దది చేసుకుని పని కానిచ్చేవాడు. గుండె మొద్దుబారిపోయింది.

ఆ ఉదయం వెంకట్రాజం అనే గడ్డపాయన ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చిపోయాడు. అతను హసన్‌పర్తి చెరువు అవతల కపాలాన్ని కొలిచే ఘోర క్షుద్రోపాసకుడని శ్యాంసుందర్‌కేం తెలుసు? అందులో ఎవరో ఆడపిల్ల పాత ఫోటో, గ్రూపు ఫోటోలోంచి కత్తిరించింది. అంతా నీలం తిరిగిపోయి ఉంది. శ్యాంసుందర్ నీలం తగ్గించాడు, పసుపు పెంచాడు, జడ రిబ్బను తెల్లగా తేలేదాకా సరిచేశాడు. చెంప మీది మచ్చ తుడిచాడు. దండ అతికించాడు. అసలు ఫైలును ముట్టకుండా కాపీ మీద పని చేయాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. బద్ధకించి అసలు దాని మీదే సేవ్ కొట్టి, మూసేశాడు.

అదే క్షణంలో ఇంట్లో అతని భార్య సుహాసిని కెవ్వున కేక వేసి కూలిపోయింది...

కాసేపటికి సుహాసిని తల్లి లింగమ్మ ఆమెను ఆటోలో స్టూడియోకే తెచ్చింది. విరబోసుకున్న జుట్టు... తేలిపోయిన కనుగుడ్లు... గొంతు చుట్టూ దండ ఒరిసినట్టు ఎర్రటి వాత!

"దవాఖానకు పోదాం లే అల్లుడా, పిల్లకేదో అయితాంది..." అంటూనే లింగమ్మ అప్పుడే ప్రింటరులోంచి వచ్చిన ఫోటో చూసి ఆగిపోయింది. "ఇది మా సుహాసిని గదా. బడిల దిగిన ఫోటో. బతికున్న పిల్లకు దండేసినవా?"

గుండె పగలవలసిన మాట. పగల్లేదు. ఫైలు మళ్లీ తెరిచాడు. దండ ఊడదు, అసలు ఫైలు మిగల్లేదు.

"ఎందుకు తిప్పలు పడ్తవ్?" గుమ్మంలో వెంకట్రాజం! చేతిలో పుర్రె. "తాళి గట్టిన చేత్తోనే దండ వడాలె. గందుకే నీ తానకొచ్చిన. పొద్దుగూకేలోపు ఆ పానం నా కపాలానిది."

హ్రీం... హ్రూం... బీజాక్షరాలు నిప్పుకణికల్లా రాలాయి. సుహాసిని దేహం విల్లులా వంగింది. ఆమె నోట మగగొంతు వికటంగా నవ్వింది. ఊపిరి సన్నగిల్లసాగింది...

అలవాటు కొద్దీ శ్యాంసుందర్ పుర్రెను కూడా ముక్కగానే చూశాడు. పై వరుసలో పన్ను మీద పన్ను. ఆ పన్ను తనకు తెలుసు! నెక్కొండ యాకమ్మది. పోయిన వానాకాలం ఆమె చావు ఫోటోలో దాన్ని సరిచేయబోతే, "ఉండనియ్యి అన్నా, మా అవ్వ గట్లనే నవ్వేది" అన్నాడు ఆమె కొడుకు. అంటే ఈ పాపాత్ముడు ఆమె గోరీ తవ్వాడన్నమాట!

ఊరు, పేరు వేసి ఫైళ్లు దాచడం ఒక్కటే అతను మానని పని. వెతికి తెరిచాడు. తెర నిండా యాకమ్మ నవ్వు.

"యాకమ్మా, నీ తల వాని చేతుల ఉన్నది."

పిడుగు పడింది! ఎవరిదో తెలియనంతకాలమే కపాలం మాంత్రికుడి బానిస. పేరు వినగానే పుర్రె దవడలు టకటకా ఆడాయి. పళ్లు వెంకట్రాజం మణికట్టులో దిగాయి. "వద్దు... అమ్మా... విడువు!" మంత్రం గొంతులోనే అడ్డం తిరిగింది. వాడి మెడ చుట్టూ నీలిమంటల దండ పడింది... గుమ్మంలో గుప్పెడు బూడిద మిగిలింది.

సుహాసిని కళ్లు తెరిచింది. లింగమ్మ బిడ్డను పొదువుకుని బావురుమంది. సుహాసిని నీళ్లు తాగి, ప్రింటును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నా మచ్చ గూడ దగ్గర్నించి సూసి తుడిచినవ్," అంది మెల్లగా. "నన్ను గుర్తువట్టలేదా?"

శ్యాంసుందర్ చాలా ఏళ్లకు ఆమె ముఖాన్ని పూర్తిగా చూశాడు. ఏడవాలని ఎంతో ప్రయత్నించాడు. ఏడుపు రాలేదు.