పేరు రాయనిదే పోనివ్వని పేజీ

గాలం కట్టిన వెబ్‌సైటులో అడుగుపెట్టి, ఏమీ కొనకుండా బయటపడిన నరమానవుడు ఈ భూమ్మీద లేడు. దిండు గలీబు ధర చూసి పోదామని వచ్చినవాడి చేత మంచం, పరుపు, దోమతెర కొనిపించి, పైగా వాడి చేతే థాంక్యూ చెప్పించుకున్న ఘనుడు. అలా అమ్మా నాన్నా పెట్టిన పేరు మరుగునపడి, గాలం అన్నదే ఖాయమైపోయింది.

అంతటివాడికీ ఒక అక్క. ఆవిడకో పరుపుల దుకాణం. బావ పోయాక ఒంటిచేత్తో లాక్కొస్తోంది గానీ, కొనేవాళ్ళు కరువయ్యారు. ఈ నెలతో షట్టర్ దించేస్తానంది.

"నేను బతికుండగా నీ షట్టర్ ఎలా దిగుతుందక్కా?" అని గాలం రంగంలోకి దూకాడు. తిండీ నిద్రా మాని సైటు కట్టాడు. మామూలుగా తన పేజీల్లో 'వద్దు' అనే బటన్‌ని ఏదో మూల, కనీకనపడని బూడిద రంగులో పెట్టేవాడు. అక్క మీది ప్రేమకొద్దీ ఈసారి అదీ పీకేశాడు. మూసే గుర్తు లేదు. వెనక్కి వెళ్ళే బాణం లేదు. పేరు రాసి, 'సరే, కావాలి' నొక్కితేనే పేజీ వదులుతుంది.

"మెడ మీద కత్తి పెట్టి అమ్మినట్టు లేదుట్రా?"

"కత్తి కాదక్కా, కళ."

మధ్యాహ్నమే. బయట జోరువాన. మబ్బుకి దుకాణం లోపల సాయంత్రమైపోయింది. తడిసిన దూది వాసన ముక్కుపుటాల్లో బరువుగా నిలిచింది. గోడవారన నిలబెట్టిన పరుపుల మధ్య నుంచి గాలి ఈలలా వస్తోంది. గాలం లాప్‌టాప్ తెరిచి, సైటుని లోకం మీదికి వదిలాడు.

వదిలీ వదలగానే తెర మూల ఒక వరుస వెలిగింది. చూస్తున్నవారు: ఒకరు.

"చూశావా? ఇంకా ఎవరికీ చెప్పనే లేదు, అప్పుడే చేప పడింది."

వచ్చినవాళ్ళ వేలు ఎక్కడెక్కడ తిరుగుతోందో చూపించే ఎర్రచుక్క ఒకటి పేజీ మీద కదిలింది. పరుపుల బొమ్మల వైపు చూడనే లేదు. అంచుల వెంబడే పాకింది. చీకటి గదిలో గోడ తడుముకుంటున్నట్టు... ఒక మూలకి చేరి అక్కడే పొడవడం మొదలెట్టింది. మూసే గుర్తు ఉండాల్సిన మూల అది.

టక్. టక్. టక్.

గాలం స్పీకర్ ఆపేశాడు. చప్పుడు ఆగలేదు.

కింద మాటల పెట్టెలో అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. 'బాబూ, బయటికి దారి ఏది?'

"పాపం, ఎవరో పెద్దావిడ," అంది అక్క గుసగుసగా. "పోనివ్వరా."

"కాస్త గింజుకోనీ. పేరు రాసి కొంటుంది."

వాళ్ళ మాటలు విన్నట్టే పెట్టెలో జవాబు పడింది. 'పేరు లేదు బాబూ. ఎప్పుడో పోయింది.'

గాలం లాప్‌టాప్ మూసెయ్యబోయాడు. కానీ అక్కది వెన్నలాంటి మనసు. ఆపేలోపే వంగి టైపు చేసేసింది. తన పేరు, ఇంటిపేరుతో సహా. 'ఇది నా పేరు. ఇదే రాసుకుని వెళ్ళు తల్లీ.'

చుక్క ఆగింది. ఆ పేరు గళ్ళలో నిండింది. 'సరే, కావాలి' మీద ఒకే ఒక్క నొక్కు.

దూది వాసన పోయింది. గాలీ ఆగింది.

"తొలి కస్టమర్‌వి నువ్వేనక్కా, నీ దుకాణంలో," అని నవ్వబోయాడు గాలం.

అక్క నిటారుగా నిలబడి ఉంది. తన రెండు అరచేతుల్నీ తిప్పి తిప్పి చూసుకుంటోంది, కొత్త చీర చూసుకున్నట్టు.

"దయగల పిల్ల, బాబూ," అంది. గొంతు అక్కదే. పుట్టి బుద్ధెరిగాక అక్క తనని 'ఒరేయ్' తప్ప బాబూ అని పిలిచి ఎరగదు.

తలుపు తీసుకుని వానలోకి నడిచిపోయింది. గాలం వీధి చివరిదాకా పరిగెత్తి అరిచాడు. వెనక్కి తిరగలేదు.

రొప్పుతూ వచ్చేసరికి తెర వెలుగుతోంది. చూస్తున్నవారు: ఒకరు. ఎర్రచుక్క అదే మూల... టక్. టక్.

'ఒరేయ్, ఇక్కడ చీకటిగా ఉందిరా. పేరు అడుగుతోంది. గుర్తు రావడం లేదు.'

అక్క పేరు కొట్టాడు. పేజీ తోసేసింది. 'ఈ పేరుతో ఒకరు ఇప్పటికే మా కస్టమర్.' దొంగ ఆర్డర్లు రాకుండా తనే పెట్టిన కట్టడి. అదీ పీకబోయాడు, పోలేదు. 'వద్దు' బటన్ పెట్టాడు, నిలవలేదు. సైటే చెరిపేశాడు. చుక్క పొడుస్తూనే ఉంది.

ఇంక మిగిలింది ఒకటే. తన పేరు అక్కకి ఇవ్వడం.

కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మీటల మీద ఆనించాడు...

ఒక్క అక్షరమైనా కొట్టకముందే పెట్టె నిండింది.

'నీ పేరు ఇవ్వొద్దని చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నావు కదరా, ఇక్కడ నా పక్కనే కూర్చుని. మరి అక్కడ ఉన్నదెవరు?'