గొడుగుల కంపెనీలో నలభై ఒక్కరు

“పదకొండు దాటితే మన ఏజెంట్ల ఇళ్ళ అడ్రసులు శత్రువు చేతిలో ఉంటాయి,” అన్నాడు చీఫ్.

నీడ అని పిలిచే ఏజెంట్ వాచీ చూసుకున్నాడు. తొమ్మిది.

“మనవాళ్ళ వివరాలు గొడుగుల కంపెనీ పేరుతో ఓ క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో దాచాం. అక్కడ మనతోపాటు రెండొందల కంపెనీలు అద్దెకున్నాయి. అందరి వివరాలూ ఒకే టేబుల్లో ఉంటాయి, ప్రతి వరుసకీ కంపెనీ నంబరు. ఎవరి నంబరు వరుసలు వాళ్ళకే చూపించమని కోడ్‌లో ఒక్క లైనుంటుంది. గోడంటే అదే.”

“ఆ లైను ఎత్తేశారా?”

“పదకొండింటికి వచ్చే కొత్త వెర్షన్‌లో లేదు. చెప్పుల కంపెనీ పేరుతో శత్రువులూ అక్కడే దిగారు. రిపోర్టు బటన్ నొక్కడమే తరువాయి.”

పదిన్నరకల్లా లిఫ్ట్ మెకానిక్ వేషంలో నీడ ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉన్నాడు. కిటికీ పక్క సీట్లో ఒక అందగత్తె. ఆవిడకంటే ముందు ఆవిడ పరిమళం వస్తుందని ఆఫీసులో అందరూ ఆవిణ్ణి సెంటు అంటారు.

“ప్రింటర్ పనిచేస్తోందా?” అనడిగాడు నీడ.

“బుధవారాలు మాత్రమే.”

రహస్య సంకేతం కలిసింది. ఆవిడ గొంతు తగ్గించింది.

“లైను తీసింది నేనే. శత్రువులు నన్ను నమ్మాలి కదా! మళ్ళీ పెట్టేశాను. కానీ ఇక్కడ ఎవరి మార్పుని వాళ్ళే ఓకే చెయ్యకూడదు. మా మేనేజర్ వేలిముద్ర పడాలి. వాడేమో శత్రువుల మనిషి.”

“చీఫ్ చెప్పాడు. వాణ్ణి లిఫ్టులో ఇరికించే వచ్చాను. బటన్ మీద వాడి వేలిముద్ర కూడా దొరికింది.”

నీడ బొటనవేలికి ఆ ముద్ర దింపిన పల్చటి రబ్బరు తొడుగు వేసుకున్నాడు. పది యాభై తొమ్మిది. వేలిముద్ర యంత్రం మొదటిసారి ఒప్పుకోలేదు. తడి తుడిచి మళ్ళీ నొక్కాడు. పచ్చలైటు వెలిగింది. మరుక్షణం పదకొండయింది.

సెంటు చెప్పుల కంపెనీ రిపోర్టు తెరిచింది. వాళ్ళ మనుషులే ఉన్నారు. గొడుగుల కంపెనీది తెరిచింది. నలభై ఒక్క వరుసలు. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలన్న చోట ఒకరికి భార్య, ఒకరికి తల్లి, ఒక మహానుభావుడికి మావగారు. నీడ వరుసలో మాత్రం ఏమీ లేదు.

“ఎవరూ లేరా?”

“అక్క ఉంది. ఈ ఉద్యోగంలో చేరినరోజే నేను పోయానని ఆవిడకి కబురు పంపారు.”

పదిహేనేళ్ళుగా ఎన్నో అద్దె గదుల్లో ఒక్కడే బతికాడు. ఇంత ఒంటరితనం ఎప్పుడూ అనిపించలేదు.

“పోనీ, నా పేరు రాయనా?” అంది సెంటు.

“మీరు ఎవరి మనిషి?”

ఆవిడ నవ్వి రిపోర్టు మూసేసింది.

వీధిలోకి రాగానే ఫోన్ మోగింది.

“శభాష్! నీ గురించి ఏమీ బయటపడలేదుగా?” అన్నాడు చీఫ్.

“లేదు సార్. పడటానికి ఏమీ లేదు.”