బీడీల చాట ముందు బావ

“ఆ తాడు కింద పారెయ్యి! లేకుంటె ఈ చాటతోని నెత్తి పలుగగొడ్త!”

గంభీరావుపేట పక్క పల్లెలో నీల, కొమురెల్లితో మాట్లాడిన మొదటి మాట ఇది. వరసకు బావ. సిరిసిల్లలో మగ్గం నడుపుతాడు. నీల నాయనమ్మ సత్యవ్వ, కుక్కను పట్టాలని కబురు పెడితే, తమ్ముడి మనవడు కదా, బుధవారం పొద్దున్నే దిగాడు. దిగీ దిగగానే ఉచ్చుతాడు పట్టుకుని దాని వెంట పడితే ఆ పిల్ల ఊరుకుంటుందా?

విషయం మాత్రం నవ్వులాట కాదు. రాత్రిపూట తాము ఊళ్ళోకి వస్తే కుక్కల మొరుగుడు పోలీసులకు ఆనవాలు చెబుతోందని, ఆదివారంకల్లా అన్నిటినీ చంపేయాలని అడవిలోని నక్సలైట్ అన్నలు హుకుం ఇచ్చి పోయారు. ఇక మిగిలింది నీల అన్నం పెట్టే ఎర్రకుక్క ఒక్కటే. పట్టి సిరిసిల్లకు చేరిస్తే బతుకుతుంది. కానీ అది నీల చేతికి కూడా చిక్కదు.

“ఉరికిస్తె దొరకది బావా. మగోళ్ళంటె దానికి భయం. నా పక్కన కూసో. దాని దిక్కు సూడకు.”

“కూసొని ఏం జెయ్యాలె?”

“నా తీరుగ బీడీలు చుట్టు.”

మగవాడు అరుగు మీద కూర్చుని తునికాకు కత్తిరిస్తుంటే ఊరికి అంతకన్నా వినోదం ఏముంటుంది? పక్కింటి పోచయ్య సైకిల్ దిగి మరీ నవ్విపోయాడు.

“గిది బీడీనా, చుట్టనా?” అంది నీల.

“నువ్వు నేర్పిన తీరే.”

“ఆకు దిక్కు సూడు. నా మొఖంల ఏమున్నది?”

అతని తప్పేం లేదు. ఆ పిల్ల నవ్వుతుంటే ఆకును చూడడం ఎవరికైనా కష్టమే.

గురువారం కుక్క వాకిట్లోకి వచ్చింది. శుక్రవారం అరుగెక్కి కొమురెల్లి చేతులు వాసన చూసింది. నీల చేతుల్లాగే అవీ తునికాకు వాసన కొడుతున్నాయి. శనివారం అన్నం గిన్నెను పశువుల కొట్టంలో పెట్టారు. కుక్క గడప దగ్గరే ఆగిపోయింది. నీల లోపలికెళ్ళి కూర్చున్నా కదల్లేదు. కొమురెల్లి కూడా వెళ్ళి చాట ఒళ్ళో పెట్టుకున్నాక, మెల్లగా వచ్చి ఇద్దరి మధ్యా గిన్నెలో మూతి పెట్టింది.

బయట నుంచి సత్యవ్వ తలుపు మూసి గడియ పెట్టింది.

కొమురెల్లి మెత్తటి దుప్పటి కప్పి కుక్కను ఒడిలోకి తీసుకున్నాడు. అది వణికి, వణికి, కాసేపటికి సద్దుమణిగింది. నీల మాత్రం ఏడ్చేసింది.

“ఊకో నీలా. మగ్గాల సప్పుడుల మనిషి అరిస్తెనే ఇనరాదు. ఇది మొరిగితె ఎవలికి గావాలె?”

“నేను లేకుంటె తింటదా?”

“తినది. నాకు సుత ముద్ద దిగది.” కొమురెల్లి తల వంచుకున్నాడు. “నువ్వంటె నాకు పానం.”

నీల ముఖం కందిపోయింది. “బాపమ్మా, తలుపు తియ్యి!”

“తీస్త బిడ్డా. బండి కట్టిచ్చిన. ముందుగాల చెప్పు, సిరిసిల్లకు ఒక్క కుక్కనే పోతదా?”

నీల కళ్ళు తుడుచుకుంది.

“ఇయ్యాల కుక్కనే,” అంది నీల. “నువ్వు లగ్గం జేసినంక నేను.”

సత్యవ్వ గడియ తీసింది.