నలుగురు పడుకునే గది

ఆ రోజు పొద్దున్న ఓక్‌బున్ హాల్లో పాత పేపరు పరుచుకుని ఎండు మెత్తళ్ళు బాగుచేస్తోంది. తల తుంచడం, పొట్ట గీరడం, మిగిలిన చేపను గిన్నెలో వేయడం, మధ్యమధ్యలో ఆ తలల కింద కనిపించే అక్షరాలను చదువుకోవడం ఆమెకు అలవాటు. ఆమె బడి మొహం చూడలేదు. చదువు ఆమెకు చేపల పొట్లాల మీదా, గోడ మీది కాగితాల మీదా ఒక్కో అక్షరంగా వచ్చింది. అందుకే ఏ మాటనైనా రెండుసార్లు చదువుతుంది. మనుషులు నోటితో చెప్పిన మాటనైతే మూడుసార్లు.

మనవరాలు హేవోన్ ఈ వారంలోనే దేగు నగరానికి వెళ్ళిపోతుంది, యూనివర్సిటీలో చేరడానికి. వెళ్ళేలోగా పిల్లకు ఇష్టమైన తియ్యటి అన్నపు పానకం చేసి పెడదామని ఓక్‌బున్ చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ పానకం పాత చిన్న కరెంటు కుక్కర్‌లో రాత్రంతా వెచ్చగా ఊరితేనే రుచి. అల్మారా తలుపు తీసింది. కుక్కర్ లేదు. అది ఉండే చోట గుండ్రటి మరక మాత్రం మిగిలింది.

"యాంగ్మీ! పాత కుక్కర్ ఏదే?"

కోడలు యాంగ్మి ముల్లంగి తరుగుతోంది. తల ఎత్తలేదు.

"నాకేం తెలుసు అత్తయ్యా. పైఅరలో చూశారా?"

"పైఅరలో నా తలకాయుంది. రోజూ దుమ్ము దులిపేదాన్ని, నాకు తెలీదా?"

"అయితే ఎక్కడికి పోతుంది? కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

యాంగ్మి నవ్వింది కానీ, ఆ నవ్వు ముల్లంగి మీదే ఆగిపోయింది. అత్తగారి వైపు రాలేదు. ఓక్‌బున్ దాన్ని గమనించింది. ఈ మధ్య ఈ ఇంట్లో అన్నీ ఇలాగే ఉన్నాయి. తను గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోతాయి. హేవోన్ ఫోను బోర్లా పడుకుంటుంది.

యూనివర్సిటీలో సీటు వచ్చిన రోజు ఇలా లేదు. ఇంట్లో నలుగురూ ఒకే దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చుని హాస్టళ్ళ ఫొటోలు చూశారు. కొత్త భవనం ఓక్‌బున్‌కు తెగ నచ్చింది. ఇద్దరికో గది, గదిలోనే బాత్రూము. వేలు ఆనిస్తే తప్ప గేటు తెరుచుకోదు. పిల్ల వేళ దాటి వస్తే తల్లిదండ్రుల ఫోనుకు కబురు వస్తుంది. "ఇదే, ఇదే" అంది ఓక్‌బున్. హేవోన్ ఆమె చెయ్యి నొక్కి "సరే నానమ్మా" అంది. ఆ సరే ఎటు పోయిందో?

మధ్యాహ్నం పక్కింటి ముసలామె పిల్‌నే ఒక గిన్నెడు ఆల్చిప్పలు పట్టుకుని వచ్చింది. వీధిలో ఏ ఇంట్లో పులుసు పొంగినా పిల్‌నే ముక్కుకు ముందు తెలుస్తుంది.

"ఏమే ఓక్‌బున్, మొహం అట్టా మాడ్చుకున్నావు? మనవరాలు వెళ్తోందని ఇప్పట్నించే ఏడుపు మొదలుపెట్టావా?"

"ఏడుపు కాదే, కుక్కర్ కనపడటం లేదు."

"పిల్ల పట్టుకెళ్తోందేమో?"

"హాస్టల్‌కి పట్టుకెళ్తే తప్పేముంది? చెప్పి పట్టుకెళ్ళొచ్చుగా."

"హాస్టల్‌కా?" పిల్‌నే ఫక్కున నవ్వింది. "నీకు లోకం తెలీదు తల్లీ. మా మనవరాలు జియూన్‌ని హాస్టల్లో ఎంత ఏడిపించారనుకున్నావు! కుక్కర్ కనపడిందంటే లాగేసుకుంటారు, మంటలొస్తాయని. ఆ గదుల్లో నీళ్ళు కాచుకోవడమే మహాభాగ్యం. కుక్కర్ అక్కర్లేదు హాస్టల్‌కి. కుక్కర్ కావాల్సింది కాపురానికి."

మెత్తళ్ళు తుంచుతున్న ఓక్‌బున్ చేతులు ఆ చివరి మాటకు ఆగిపోయాయి.

పిల్‌నే గొంతు తగ్గించింది. "అనకూడదు గానీ, మొన్న మీ పిల్ల ఆరోగ్య కేంద్రంలోంచి బయటికొస్తూ కనపడింది నాకు. ఒక్కతే. మాస్కు కళ్ళ దాకా లాక్కుంది. పలకరిస్తే 'ఏం లేదమ్మమ్మా' అని పరుగు. నువ్వేం మనసులో పెట్టుకోకు."

మనసులో పెట్టుకోకు అనే మాటంత తేలిగ్గా మనసులో దిగేది ఇంకోటి లేదు. పిల్‌నే వెళ్ళాక మెత్తళ్ళ తలలూ మొండేలూ ఒకే గిన్నెలో పడుతున్నాయని కూడా ఓక్‌బున్ చూసుకోలేదు.

కొత్త గడపలోకి ముందు కుక్కర్ వెళ్ళాలన్నది ఆ ప్రాంతపు ఆచారం. పరుపు కంటే, పెట్టె కంటే, దేవుడి పటం కంటే ముందు. కుక్కర్ ముందు వెళ్ళిందంటే ఆ గడపలో పొయ్యి వెలుగుతుందనీ, అక్కడ కాపురం ఉండబోతున్నారనీ అర్థం. మరి హేవోన్ ఎక్కడ, ఎవరితో పొయ్యి వెలిగించబోతోంది?

ఓక్‌బున్‌కు అక్క క్యేసున్ గుర్తొచ్చింది. గుర్తు రావడానికి ఎప్పుడైనా మరిచిపోతేగా. క్యేసున్ కూడా దేగుకే వెళ్ళింది, బట్టల మిల్లుకు. "హాస్టల్ ఉందమ్మా, తాళాలు వేస్తారు, భయం లేదు" అని చెప్పి బస్సెక్కింది. చిన్నారి ఓక్‌బున్ మట్టిరోడ్డు మీద బస్సు వెనకాలే పరుగెత్తింది. కిటికీలో అక్క తల వెనక భాగం కనిపిస్తూనే ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ తల ఒక్కసారైనా ఇటు తిరగలేదు. తర్వాత ఉత్తరాలు వచ్చాయి. ఊళ్ళో ఎవరో చదివి పెట్టేవాళ్ళు. ప్రతి ఉత్తరంలోనూ హాస్టల్లో బాగున్నాననే ఉండేది. ఒక చలికాలం కబురు వచ్చింది. పేరు తెలియని మనిషితో అద్దెగదిలో కాపురం ఉంటోందట. నేలను వెచ్చబెట్టే బొగ్గుబిళ్ళ పొగ రాత్రి గదిలోకి చేరి, ఇద్దరూ నిద్రలోనే పోయారట. అక్క బతికిన చోటు ఏదో ఇంట్లోవాళ్ళకు తెలిసింది ఆమె పోయాకే. ఆ తర్వాతే ఓక్‌బున్ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఎవరినీ సాగనంపడానికి గుమ్మం దాటడం కూడా ఆ తర్వాతే మానేసింది.

సాయంత్రం డాబా మీద ఎండేసిన సముద్రపు నాచు తీయడానికి మెట్లెక్కుతుంటే హేవోన్ గొంతు వినిపించింది. పక్కన యాంగ్మి ఉంది. ఓక్‌బున్ అడుగు ఆగిపోయింది.

"కొత్త భవనం వద్దని చెప్పేశానమ్మా. ఖాయమైపోయింది. నానమ్మకి మాత్రం చెప్పకు."

"ఎప్పటికైనా తెలీదా?"

"నేను వెళ్ళాక తెలిస్తే తెలియనీ."

నాచు ఆ రాత్రి మంచులోనే తడిసింది. ఓక్‌బున్ తీయలేదు.

మర్నాడు కొడుకు తేసోప్ చేపల లారీ తోలుకుని పెందలాడే ఇంటికి వచ్చాడు. నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఓక్‌బున్ తన గిన్నె ముట్టుకోలేదు. మనవరాలు తినేదాకా చూసింది. అభం శుభం తెలియని పిల్ల తినేటట్టే తింటోంది, బుగ్గలో అన్నం పెట్టుకుని.

"కడుపు నిండిందా?"

"నిండింది నానమ్మా."

"అయితే చెప్పు. ఎవడు వాడు?"

తేసోప్‌కు పులుసు పొలమారింది.

"ఎవడేంటి నానమ్మా?"

"గది ఎక్కడ తీసుకున్నారు? కుక్కర్ కూడా చేరవేశావు. ఆరోగ్య కేంద్రంలో ఏమన్నారు? ఎన్నో నెల?"

"అత్తయ్యా!" యాంగ్మి చెంచా బల్ల మీద పెట్టేసింది.

హేవోన్‌కు ముందు నవ్వొచ్చింది. నానమ్మ కళ్ళలోకి చూశాక ఆ నవ్వు ఎండిపోయింది.

"ఛాతీకి ఎక్స్‌రే తీయించుకున్నాను! హాస్టల్లో చేరేవాళ్ళందరూ క్షయ లేదని చూపించాలి. పిల్‌నే అమ్మమ్మ చెప్పిందా? ఆవిడ కళ్ళకి కూడా ఒక ఎక్స్‌రే తీయించాలి!"

"ఆ హాస్టల్ వద్దన్నావుగా. నా చెవులతో విన్నాను."

"కొత్తది వద్దన్నాను. పాత భవనంలో తీసుకున్నాను. వెనకాల కొండ మీద ఉంది. నలుగురికో గది. బాత్రూము వరండా చివర."

"ఎవరికి చెప్తున్నావు ఈ కథ? లోపలే బాత్రూమున్న ఇద్దరి గది వదులుకుని, కొండెక్కి నలుగురి మధ్య ఇరుక్కుంటారా ఎవరైనా? అక్కడ గేటు వెయ్యరు, అంతేగా?"

"వేస్తారు! అక్కడా వేస్తారు, అదే వేళకి!"

"క్యేసున్ కూడా ఇలాగే, తాళాలు వేస్తారనే..."

"నేను మీ అక్కని కాదు నానమ్మా!"

ఆ ఇంట్లో ఓక్‌బున్ మీద ఎవరూ అంత గొంతెత్తి ఎరగరు. తేసోప్ ఏదో అనబోయాడు. యాంగ్మి అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"చిన్నప్పట్నించీ చూస్తున్నా. ట్యూషన్ నుంచి కాస్త ఆలస్యమైతే చాలు, నేను గుమ్మంలోకి వచ్చేసరికే నీ కళ్ళలో నేను చచ్చిపోయి ఉంటాను. నేను బతికే ఉన్నాను. ఇదిగో, అన్నం తింటున్నాను. ఒక్కసారి నన్ను చూడు, నా వెనకాల ఆవిణ్ణి చూడకు."

హేవోన్ లేచి గదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో గళ్ళ గుడ్డ మూట ఉంది. నానమ్మ ముందు పెట్టి ముడి విప్పింది. పాత కుక్కర్! మూత తీసింది. లోపల అంచు దాకా బియ్యం.

"కొత్త చోటికి ముందు కుక్కర్ వెళ్ళాలి, అదీ ఖాళీగా వెళ్ళకూడదు అని చెప్పింది ఎవరు? ఈ ఇంటికి మారిన రోజు నాన్న ముందు పరుపు దింపబోతే నడివీధిలో తిట్టింది ఎవరు? హాస్టల్లో ఉంచుకోనివ్వరని నాకూ తెలుసు. ఒక్కసారి గుమ్మం దాటించి, మళ్ళీ నాన్నతోనే పంపించేద్దామనుకున్నా."

ఓక్‌బున్ వేళ్ళు బియ్యంలోకి దిగాయి. గొంతు మాత్రం ఇంకా లొంగలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంటికి పెద్దదానివి, ఆ పని నువ్వే చెయ్యాలిగా. నువ్వు రావుగా. ఎవరు ఊరెళ్ళినా వెనక పంపు దగ్గర గిన్నెలు తోముతూ కూర్చుంటావు. నాన్న సైన్యానికి వెళ్ళిన రోజు కూడా రాలేదట. అందుకే నేనే చేసుకుందామనుకున్నా."

తేసోప్ తల వంచుకుని పులుసు కలుపుతున్నాడు.

"మరి ఆ నలుగురి గది?" అంది ఓక్‌బున్. ఈసారి ఆ అడగడంలో నిలదీత తగ్గింది.

హేవోన్ కుక్కర్ మూతను అటూ ఇటూ తిప్పింది.

"ఇద్దరి గదిలో రెండో అమ్మాయి శని ఆదివారాలు ఇంటికెళ్ళిపోతే నేనొక్కదాన్నే కదా. నాకు ఊహ తెలిసినప్పట్నించీ నీ పక్కనే పడుకున్నా. నీ గురక వినపడకపోతే నాకు నిద్ర రాదు. స్కూల్ విహారయాత్రలో కూడా ఎవరైనా గురకపెట్టేదాని పక్కనే పక్క వేసుకునేదాన్ని. నలుగురుంటే ఎవరో ఒకరైనా గురకపెడతారు. ఈ వయసులో ఈ మాట ఎవరితో చెప్పుకోను? అమ్మకొక్కదానికే చెప్పా. నీకు చెబితే అసలు వెళ్ళొద్దంటావు."

ఓక్‌బున్ బియ్యంలోంచి చెయ్యి తీసింది.

"నేను గురకపెట్టను" అంది ఓక్‌బున్.

"అమ్మా, పొద్దున్నే రేవులో చేపల వేలం గంట ఈ వీధికి వినపడనిది ఎందుకనుకున్నావు?" అన్నాడు తేసోప్.

ముందు యాంగ్మి నవ్వింది, తర్వాత హేవోన్. ఓక్‌బున్ నవ్వబోయింది. నవ్వు సగం దారిలోనే తిరగబడి ఏడుపై బయటికి వచ్చింది. తను ఇన్నాళ్ళూ పిల్ల వెనకాలే దొంగలా తిరిగింది. పిల్లేమో తన ఊపిరి చప్పుడును కొలతగా పెట్టుకుని గదులు వెతుక్కుంది.

"మొహమంతా చేపల నీళ్ళ వాసన" అంటూ హేవోన్ తన చేతిగుడ్డతో ఆమె మొహం తుడిచింది.

బయల్దేరే రోజు గిన్నెలు తోముతూ కూర్చోవడానికి పంపు దగ్గర ఎవరూ లేరు. ఓక్‌బున్ అందరికంటే ముందే లారీ ఎక్కి, కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్‌నే వీధిలోకి వచ్చి "ఎక్కడికే, నువ్వు కూడా కాలేజీలో చేరుతున్నావా?" అంది. "చేరితే నీకంటే ముందు పాసవుతాను" అంది ఓక్‌బున్.

పాత భవనం నిజంగానే కొండ మీద ఉంది. తలుపులు నిజంగానే పాతవి. గుమ్మంలో వార్డెన్ నిలబడి వచ్చేవాళ్ళ సామాను చూస్తోంది. యాభై దాటిన మనిషి, ముక్కు మీద కళ్ళద్దాలు.

"పెద్దమ్మగారూ, కుక్కర్ లోపలికి పనికిరాదు."

"వండనమ్మా. లోపలికి తీసుకెళ్ళి, అదే కాళ్ళతో బయటికి తెచ్చేస్తాను."

"నిబంధన అంటే నిబంధనేనండీ."

"నువ్వు నీ ఇంట్లోకి ఏం పట్టుకుని అడుగుపెట్టావు తల్లీ?"

వార్డెన్ కళ్ళద్దాలు తీసింది. చొక్కా అంచుతో వాటిని తుడవడం మొదలుపెట్టింది. "కళ్ళద్దాలు లేకపోతే నాకేమీ కనపడదు" అంది గోడ వైపు తిరిగి. "ఇవి తుడిచేలోగా వచ్చెయ్యండి."

ఓక్‌బున్ మెట్లెక్కింది. గదిలో నాలుగు మంచాలు. అప్పటికే వచ్చిన లావుపాటి అమ్మాయి ఒకతె గోడవైపు తిరిగి పడుకుని ఉంది, ప్రయాణం బడలికేమో. సన్నగా గురకపెడుతోంది. నానమ్మా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హేవోన్ ఆ అమ్మాయి పక్క మంచం మీద తన సంచి పెట్టేసింది. ఓక్‌బున్ కుక్కర్‌ను మంచం కాళ్ళ దగ్గర ఒక్క నిమిషం నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, మళ్ళీ ఎత్తుకుంది.

కిందికి వచ్చాక యాంగ్మి కూతురికి జాగ్రత్తలు చెప్పింది. తేసోప్ టైర్లు తన్ని చూశాడు. ఓక్‌బున్ లారీ ఎక్కింది. బండి కొండ దిగడం మొదలుపెట్టింది.

అప్పుడు తెలిసింది ఆమెకు, జీవితంలో మొదటిసారి వెళ్ళిపోతున్నది తానేనని. ఎప్పుడూ రోడ్డు మీద మిగిలిపోయిన మనిషే తను. ఇవాళ మిగిలినది హేవోన్. వెనక్కి తిరుగుదామనుకుంది. మెడ తిరగలేదు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. ఈ మొహం పిల్ల చూస్తే, ఈ రాత్రి పక్కన ఎవరు గురకపెట్టినా దానికి నిద్ర పట్టదు. చూడనివ్వకూడదు. ముందుకే చూడాలి, బండి మలుపు తిరిగేదాకా గట్టిగా ముందుకే...



బస్సు కిటికీలో ఆ తల కళ్ళ ముందుకు వచ్చింది. ఒక్కసారైనా ఇటు తిరగని ఆ తల. ఇన్నేళ్ళూ తను అనుకున్నది ఒకటే, అక్కకు మన మీద ప్రేమ లేదని. ప్రేమ ఉన్నవాళ్ళు తిరిగి చూస్తారని. ఆ తలకు అవతల ఒక మొహం ఉంటుందనీ, అదీ ఇలాగే తడిసి ఉండొచ్చనీ తనకు ఒక్కనాడూ తోచలేదు.

"తేసోప్, బండి ఆపు!"

"ఏమైందమ్మా, ఏదైనా మర్చిపోయావా?"

"ఆపమంటుంటే!"

బండి ఆగింది. ఓక్‌బున్ కిటికీ అద్దం దింపి, కుక్కర్‌ను ఒక చేత్తో పొదివి పట్టుకుని, సగం శరీరం బయటికి వంచి వెనక్కి తిరిగింది. కొండ మీద గేటు దగ్గర హేవోన్ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఓక్‌బున్ మొహం తుడుచుకోలేదు. ఉన్నదున్నట్టు ఆ తడిమొహమే పిల్లకు చూపించి చెయ్యి ఊపింది.

పైనుంచి హేవోన్ రెండు చేతులూ ఎత్తి ఊపింది. ఆ అమ్మాయి కూడా మొహం తుడుచుకోలేదు.