నిమ్మచెక్క వాసన

చిన్నతల్లి ఫోను ఎవరు చేసినా లౌడుస్పీకరులోనే మాట్లాడుతుంది. అది ఫోను తప్పూ కాదు, ఆవిడ తప్పూ కాదు. పొద్దున్నే పడవలు ఒడ్డెక్కాయంటే ఆవిడ చేతులు మోచేతుల దాకా ఐసులోనూ చేపల్లోనూ ఉంటాయి. ఫోను మోగితే పక్క గంప లక్ష్మణమ్మ కొంగుతో వేలు తుడుచుకుని నొక్కి పెడుతుంది. గుజరాతులో వేరావల్ బోట్ల మీద పనికెళ్ళిన మొగుడు రాముడు ఏం తిన్నాడో, ఎందుకు అలిగాడో రేవందరికీ తెలుసు.

ఆ పొద్దున కూడా అలాగే తెల్లారింది. పెద్దకూతురు హేమ తల్లికి టీ ఫ్లాస్కు అందించి, తనను 'అప్పా' అని పిలిచే చెల్లెలు దేవితో కలిసి భోగాపురం ఆటో కోసం బయల్దేరబోతోంది. హేమది విజయనగరంలో ఉద్యోగం. ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కిన పిల్లలకు ఫోనులో సాయం చేసే 'తోడు' అనే యాప్ తయారుచేస్తుంది వాళ్ళ చిన్న ఆఫీసు. అందులో మాటలన్నీ హేమే రాస్తుంది. తను కూడా అలాంటి పిల్లే కనుక, మీటింగుల్లో "మీ ఇంట్లోవాళ్ళయితే ఏమంటారు హేమా?" అని అందరూ తననే అడుగుతారు. ఇంట్లో ఎవర్నీ అడక్కుండానే టకటకా జవాబు చెప్పేస్తుంది మహాతల్లి. ఈమధ్యే 'తోడు'ను దేవి చదివే డిగ్రీ కాలేజీలో మొదలుపెట్టారు.

ఫోను మోగింది. లక్ష్మణమ్మ నొక్కింది.

"తల్లిదండ్రులకు నమస్కారం. మీ అమ్మాయి... దేవి... చదువులో వెనకబడి ఉన్నట్టు గుర్తించడమైనది. దయచేసి తగిన శ్రద్ధ వహించగలరు."

పేరు దగ్గర మాత్రమే కంప్యూటరు గొంతు. మిగతాదంతా హేమ గొంతు. చదవడం రాని తల్లులకు గొంతయితే అర్థమవుతుందని తనే సలహా ఇచ్చి, తలుపులు మూసుకుని, నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేసింది. ఆ సలహాకు ఆఫీసులో చప్పట్లు కూడా కొట్టారు.

"ఓలమ్మో! సిన్నగుంట మీద పెద్దగుంటే కంప్లైంటెట్టీసినాదేటే!" అంది లక్ష్మణమ్మ. ఆవిడ హాస్యానికే అంది. వేలంపాట ఆపి మరీ నవ్వారు జనం.

దేవి భుజం మీది బ్యాగు తీసి ఇసకలో పెట్టేసి, ఇంటిదారి పట్టింది.

హేమ బ్యాగు ఎత్తుకుని వెనకే పరిగెత్తింది. గంప లక్ష్మణమ్మకు అప్పగించి చిన్నతల్లీ వచ్చేసింది.

"నాను మరి కాలేజీకెల్లను," అంది దేవి గోడకానుకుని. "రేపట్నుంచి అమ్మతో గంపెత్తుకుంటాను."

"అది కంప్యూటరు పంపినాదే. నీ మీద నానెవరికీ సెప్పనేదు," అంది హేమ.

"గొంతు నీది కాదేటి అప్పా? మాట నీది కాదేటి? ఇంగ్లీషులో సెప్పిన పాఠం ఒక్క ముక్క అర్థమవదు నాకు. అడుగుదామని నీ తోడు తెరిస్తే ముందుగాల ఎర్రబొట్టొకటి కనబడతాది, వెనకబడ్డావని. పక్కపిల్ల సూసి నవ్వినాది. మరి తెరవనేదు."

ఆ ఎరుపు రంగు కూడా హేమ ఎంచిందే. పిల్లలు తేలిగ్గా గమనిస్తారనుకుంది. పక్కవాళ్ళు కూడా గమనిస్తారని తోచనే లేదు.

చిన్నతల్లి మెల్లగా అడిగింది. "ఇలాటిది పంపేముందు మాలాటోళ్ళకి ఒకపాలి వినిపించరేటే?"

దేవే అంది, "వినిపించమనే అన్నారమ్మా. వాళ్ళ ఆనంద్‌కుమార్ సారు నిన్ను ఆఫీసుకి తెమ్మన్నాడంట. ఎందుకు తేలేదో సెప్పమను."

"దేవీ, ఊరుకో!"

"ఏసీ గది. తలుపులేసుంటాయి. అమ్మొస్తే గదంతా సేపల కంపు నిండిపోతాది, నా పరువు పోతాదన్నావా నేదా?"

లేదని అబద్ధమాడొచ్చు. దేవి తప్ప సాక్షి లేదు. కానీ తల్లి ముఖంలోకి చూశాక హేమకు అబద్ధం నోట రాలేదు.

"అన్నానమ్మా."

తిడితే బాగుండును, చెంప పగలగొట్టినా బాగుండును అనుకుంది హేమ. చిన్నతల్లి లేచి పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ వెనకే నిమ్మకాయ వాసన వచ్చింది.

హేమ వెళ్ళి చూసింది. తల్లి గొంతుక్కూర్చుని నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటోంది. గోళ్ళ సందులు, వేళ్ళ మధ్య, చేపముళ్ళు గీరిన చోట్లు కూడా. మండుతోందేమో, పెదవి బిగబట్టింది.

"ఎంత రుద్దినా పోదే ఇది," అంది తలెత్తకుండా. "నాకు తెలుసు. నీ కాలేజీ ఫంక్షన్‌కి రమ్మన్నప్పుడు జొరమని సెప్పినాను సూడు, జొరమేటీ నేదు. నువ్వు సిగ్గుపడతావని నానే రానేదు. పోన్లే, నువ్వన్నదాంట్లో తప్పేటున్నాది?"

హేమకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ రోజు అమ్మ రాలేదని తను ఊపిరి పీల్చుకుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ తనకొక్కదానికే తెలుసనుకుంది. తడిసిన ఆ రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

"తప్పేనమ్మా. నాదే తప్పు. రేపు నాతో ఆఫీసుకి రా. రేవులోంచి ఉన్నపళంగా రా."

"ఈ సేతుల్తోనేటే?"

"ఆ సేతుల్తోనే రా."

గుమ్మంలో దేవి నిలబడి ఉంది. "అమ్మెల్తే నానూ వస్తాను," అంది మూతి ముడుచుకునే. "ఆ ఎర్రబొట్టు సంగతి మీ సారుకి నానే సెప్తాను."

మర్నాడు ఆఫీసు తలుపు దగ్గర, ఇద్దరు కూతుళ్ళ మధ్య, చిన్నతల్లి ఆగిపోయింది. చల్లగాలి ముఖానికి తగలగానే చేతులు కొంగు కింద దాచుకుంది. హేమ ఒక చెయ్యి బయటికి లాగింది. చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. గుప్పున నిమ్మచెక్క వాసన వేసింది.

"ఉన్నపళంగా రమ్మన్నాను కదమ్మా?"

"అన్నావులే. నువ్వన్నావని వచ్చీడమేనేటి? అమ్మని కదే, నీ పరువు నాను సూడాలి కదా."

హేమ ఆ చెయ్యి వదలకుండా లోపలికి తీసుకెళ్ళి, అందరి మధ్యా తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఆనంద్‌కుమార్ లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ సర్. సేపలమ్ముతాది," అంది హేమ. ఆఫీసులో ఎన్నడూ జారనివ్వని ఇంటి మాట దానంతటదే వచ్చేసింది. "మీరు తీసుకురమ్మన్నప్పుడు ఖాళీ లేదని అబద్ధం చెప్పాను. సిగ్గుపడి తేలేదు. నా సిగ్గుకి మా చెల్లెలి పరువు రేవులో పోయింది."

ఆనంద్‌కుమార్ ఆ సందేశం వినిపించమన్నాడు. చిన్నతల్లి బుద్ధిగా విన్నది.

"మాటలు బాగున్నాయి బాబూ. మా గుంట పేరు నేకపోతే మెచ్చుకుందును. సెవిలో సెప్పాల్సినది ఊరందరికీ సెప్పీసినారు."

ఆ సందేశం ఆ పూటే ఆపేశారు. తల్లిదండ్రులకు ఏం చెప్పాలన్నా ముందు పిల్లల్ని అడగాలని దేవి పట్టుబట్టింది. ఎర్రబొట్టు తీయించేదాకా కుర్చీలోంచి లేవలేదు. హేమ మళ్ళీ రికార్డు చేసింది. ఈసారి పిల్లలకు మాత్రమే. తలుపులు తెరిచే ఉంచింది.

"ఏ పాఠం అర్థం కాలేదో చెప్పు. ఇద్దరం కలిసి చూద్దాం."

దేవి అది మళ్ళీ ఒకసారి పెట్టించుకుని విన్నది. "ఇలగడిగితే సెప్పనేటి అప్పా?" అంది. అని ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

తిరుగు ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. చిన్నతల్లి అలవాటుగా చేతులు కొంగు కిందికి తీసుకుపోబోతే, హేమ ఒక చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. నిమ్మవాసన అప్పటికే పోయింది. అడుగునున్న చేపల వాసన మెల్లగా పైకొస్తోంది. చిన్నప్పుడు ఆ చెయ్యి మీద తల పెట్టుకుంటే గాని నిద్రపట్టేది కాదని హేమకు గుర్తొచ్చింది. ఆ చేతిని ముఖానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"సీ, కంపే," అంది చిన్నతల్లి లాక్కోబోతూ.

"ఉండనీయమ్మా," అంది హేమ.

ఇంటి దగ్గర దిగాక దేవి గోడవారగా ఉన్న బ్యాగు తీసి, అందులోని ఇసక దులిపింది.

"అప్పా, రేపు నాతో కాలేజీ దాకా వస్తావేటి?" అని అడిగి, అంతలోనే తల్లి వైపు తిరిగింది. "నువ్వు కూడా రాయే అమ్మా. నిమ్మకాయ కొయ్యకు."