మూడో మలుపులో తెల్ల కళ్లు

తిమెర్రీత్ కనుమ దారిలో, మూడో మలుపు దగ్గర, రోడ్డు కూలీల కోసం ఎప్పుడో కట్టి వదిలేసిన ఇల్లు ఒకటుంది. కప్పు లేదు. తలుపు లేదు. వడగళ్లు పడుతున్నా మేకల కాపరులు ఆ గోడల మాటుకి పోరు.

చీకటి పడ్డాక అక్కడ ఏ చప్పుడు వినిపించినా వెనక్కి తిరిగి చూడకూడదంటారు. ఇంకో మాట కూడా అంటారు... అక్కడ తిరిగే జిన్ను భూతం, తాగి ఉన్నవాడి కంటికే కనబడుతుందని.

ఆ రెండో మాటే యమ్నా కొంప ముంచింది.

ఆమె మొగుడు జాయిద్ వ్యాను నడిపేవాడు. పోయిన చలికాలం ఓ రాత్రి, పట్నంలో జనాన్ని దింపి ఖాళీ వ్యానుతో పైకొస్తూ ఆ మలుపులోంచి లోయలోకి దొర్లిపోయాడు. తెల్లారేదాకా వ్యాను కిందే ఉన్నాడు. కుడికాలు మోకాలి వరకు తీసేశారు.

"గాల్లో రెండు తెల్ల కళ్లు... ఊగుతూ మీదికొచ్చాయి. రోడ్డే కనబడలేదు" అన్నాడు, తెలివొచ్చాక.

అంతే. జిన్ను కనబడిందంటే తాగి ఉన్నట్టే. వ్యాను యజమాని ఆ ముక్క పట్టుకుని చేతులు దులిపేసుకున్నాడు. జన్మలో సారా ముట్టని మనిషిని చూసి మసీదు దగ్గర కుర్రాళ్లు, "జాయిద్ మామా, ఇవాళ ఎన్ని కళ్లు?" అనేవాళ్లు.

యమ్నా అన్న మోహా కూడా తక్కువేం తినలేదు. వారానికోసారి, సంతకి ముందు రాత్రి, అక్రోటు బస్తాలు మోటార్‌సైకిల్ మీద వేసుకుని అదే దారిలో పట్నానికి దిగుతాడు. "నాకెందుకు కనబడదు బావా ఆ జిన్ను? నేను పుదీనా టీ తాగి బయల్దేరతాను. మరి నువ్వో?" అని నవ్వి, తెచ్చిన పిండి బస్తా గుమ్మంలో దించిపోయేవాడు.

ఆ పిండితోనే ఇల్లు గడుస్తోంది. కాబట్టి ఆ నవ్వు కూడా మింగాల్సిందే.

ఓసారి సంతకి ముందు రోజు యమ్నా పట్నం వెళ్లి యజమానిని పట్టుకుంది. "మా ఆయన్ని టికెట్ల గదిలో కూర్చోబెట్టండయ్యా. దానికి కాలెందుకు?"

"తాగుబోతుని డబ్బు దగ్గర కూర్చోబెట్టమంటావా? తాగని మనిషి ఒక్కరొచ్చి నేనూ చూశాను అంటే, రేపే కూర్చోబెడతా" అన్నాడాయన.

తిరిగొచ్చేసరికి పొద్దుపోయింది. టాక్సీవాడు రెండో మలుపులోనే ఆపేశాడు. "దిగమ్మా. ఈ వేళప్పుడు ఇంక పైకి రాను" — అని బండి తిప్పేశాడు.

యమ్నా నడిచింది. గాలి లోయలో హోరుమంటోంది. తన అడుగుల చప్పుడు తనకే వినబడటం లేదు. ఆ దారిలో జిన్ను కనబడాలని కోరుకున్న మొదటి మనిషి ఆవిడే అయి ఉంటుంది.

కూలీల ఇల్లు వచ్చింది. మొండి గోడలు... గాలి... ఇంకేం లేదు.

అప్పుడు లేచాయి.

పైనుంచి, కొండ అంచు మీద — రెండు తెల్ల కళ్లు. నేలని తాకకుండా, ఊగుతూ, తిన్నగా ఆమె మొహంలోకే. కొండ మాయమైంది. రోడ్డు మాయమైంది. లోయ ఏ పక్కనుందో తెలియలేదు. యమ్నా కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉన్నచోటే నిలబడి, ప్రాణం పోయేలా అరిచింది.

కళ్లు కీచుమంటూ ఆగాయి. వాటి వెనకనుంచి ఓ వణికే గొంతు — "బిస్మిల్లా... బిస్మిల్లా..."

"అన్నయ్యా?"

మోహాయే. అతని వెనక మనిషెత్తు బస్తాలు.

యమ్నా ఆ లైట్లకేసి చూసింది. జాయిద్ పడకముందే, ఈ మలుపు భయంతో, బండి గుడ్డి లైటు చాలక వాడా రెండు అదనపు లైట్లు కొని, ముందు గార్డుకి బిగించాడు. యమ్నా పెరటి గోడ ముందే బండి నిలిపి, వెలుగు ఇంతకన్నా పైకి పడకూడదని బొగ్గుతో గీత ఆమె చేతే గీయించాడు. కానీ ఆ రోజు బండి ఖాళీ. ఇప్పుడు బరువుకి వెనక కుంగింది... ముందు లేచింది.

"బావ పడిన రాత్రి నువ్వు ఇటే దిగావా?" మెల్లగా అడిగింది.

మోహా మొహం పక్కకి తిప్పుకున్నాడు. "దిగాను... వెనకాల ఏదో పడ్డ చప్పుడైంది. ఇక్కడ వెనక్కి చూడకూడదు కదే."

"లైట్లు ఆర్పు."

"ఇక్కడా? పిచ్చా నీకు? జిన్నుందే ఇక్కడ!"

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "పానా తియ్యి" అంది. వాడు నట్లు వదులు చేశాడు. యమ్నా కాలుతున్న లైట్లని కొంగుతో పట్టుకుని, వెలుగు బండి ముందు నేలమీద పడేదాకా వంచింది. ఎంతో కాదు, చిటికెన వేలంత వంపు. వాడు తల వంచుకుని నట్లు బిగించి, వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి జాయిద్ పొయ్యి దగ్గర మెలకువగానే ఉన్నాడు.

"రేపు యజమాని దగ్గరికి మళ్లీ వెళ్తాను. నేనూ చూశానని చెబుతాను" అంది, ముసుగు తియ్యకుండానే.

"ఏం చూశానంటావ్?" అన్నాడు జాయిద్, నిప్పు కదుపుతూ. "కళ్లనా... లైట్లనా?"

యమ్నా గోడకి ఆనుకుంది. "నీకు... తెలుసా?"

"వ్యాను కింద ఉన్నాను కదా. పైన రోడ్డు మీద బండి ఆగింది. మీ అన్న బిస్మిల్లా చదువుకోవడం వినబడింది." పొయ్యిలోకి ఓ పుల్ల తోశాడు. "మోహా, మోహా అని పిలిచాను. పేరు పెట్టి పిలిచేసరికి ఇంకా భయపడ్డట్టున్నాడు. వెళ్లిపోయాడు."

"మరి ఇన్నాళ్లూ తాగుబోతనిపించుకుంటూ — ఎందుకు చెప్పలేదు?"

జాయిద్ పొయ్యి మీది రొట్టె తిరగేశాడు.

"ఇది ఎవరి పిండి యమ్నా?"